ఎదురు కొట్టాయన చూడకూడదు

మూడుసార్లమ్మ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఎదురు కొట్టు షట్టరు దిగుతుంది. పదింపావుకు వెనక సందులోకి నాలుగు బట్టల సబ్బులు వస్తాయి. పదిన్నరకల్లా అవి మూడో కంటికి తెలియకుండా కూరల సంచీ అడుగున దాక్కుని మూడో అంతస్తుకి చేరిపోతాయి. వెనక గేటుకి గుర్తుగా కట్టడానికి ముందు రోజే ఒక ఎర్ర తువ్వాలు ఉతికి ఆరేసింది కూడా. ఉత్తి నీళ్ళతోనే ఉతికింది. సబ్బే ఉంటే ఇంత దొంగ పని చేయాల్సిన ఖర్మ పట్టేది కాదు.

ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చున్న రోజులవి. బడులు లేవు, బస్సులు లేవు. కొడుకు పడగ్గదిలో మంచం మీద కూర్చుని, నీళ్ళ కంపెనీ తరఫున ఫోనులో జనం తిట్లు వినేవాడు. అదే అతని ఉద్యోగం. కోడలు వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ఎవరి పిల్లలకో లెక్కలు చెప్పేది. ఎనిమిదేళ్ళ మనవరాలు ముందు గదిలో ఇంకో టీచరు కంట పడకుండా బొమ్మలు వేసుకునేది. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, కింద ఎవరైనా దగ్గితే పై అంతస్తుల్లో కిటికీలు మూసుకునేవి.

ఆమెకు ఆ పేరు పెట్టింది ఎదురుగా ఉన్న పచారీ కొట్టాయనే. ఆయన మతిమరుపు ఈనాటిది కాదు. ఏదైనా సరుకు కావాలని మొదటిసారి చెప్తే తల ఊపేవాడు. రెండోసారి చెప్తే చెవి మీది పెన్సిలు తీసి, ఎందుకు తీశాడో మర్చిపోయి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. మూడోసారి చెప్పినప్పుడు గొంతులోంచి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" పడిందంటే సరుకు ఇంటికొచ్చినట్టే. అందుకని ఆమె అన్నీ మూడేసిసార్లు చెప్పేది. ఇంటి తలుపు దగ్గర సరుకుల చీటీ తగిలించి ఉండేది. అది ఎవరి కంటపడితే వాళ్ళు వీధిలోకి వెళ్ళేటప్పుడు కొట్టాయనకు ఒకసారి గుర్తుచేయాలి. ఏళ్ళ తరబడి అది ఆ ఇంటి చట్టం. కోడలు కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు మొదట నేర్పిన పాఠం అదే.

అసలు ఆమెకు అక్షరాలు వచ్చింది కూడా ఆ కొట్టు బల్ల దగ్గరే. భర్త ఉన్నన్నాళ్ళూ సామాన్లు ఆయనే తెచ్చేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఆయన పోయాక ఆమె కొట్టు ముందు నిలబడి, కావలసినవి వేలుతో చూపించడం మొదలుపెట్టింది. మొదటి వారం కొట్టాయన చూపించినవన్నీ ఇచ్చాడు. రెండో వారం ఒక సబ్బు తీసి బల్ల మీద పెట్టి, దాని మీద ఏం రాసుందో చెప్తేనే ఇస్తానన్నాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మొదటి అక్షరం ఆయన చెప్పాడు, రెండోది వెనకున్నవాళ్ళు చెప్పారు, మూడోది ఆమె కోపంలో తనే చెప్పేసింది. ఆ రోజు సబ్బుని ఇంటికి తెచ్చి నాలుగు రోజులు విప్పకుండా చూసుకుంది. అలా సబ్బుతో మొదలుపెట్టి, అగ్గిపెట్టె, టీ పొడి, పళ్ళ పొడి మీదుగా, రెండేళ్ళకు పొట్లం కట్టిన పాత పేపరు కూడా చదివేసింది.

ఒకసారి డబ్బా అడుగున చీమల బారులాంటి అక్షరాలు చూసి ఆమె బెదిరిపోతే, కొట్టాయన ధైర్యం చెప్పాడు. "అవి మనకి కాదు చెల్లెమ్మా. కంపెనీవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు రాసుకునే ఉత్తరాలు. పెద్దక్షరాలు చదువుకో, చాలు." ఆ మాట ఆమె కొంగున ముడేసుకుంది. చిన్న అక్షరాల జోలికి మళ్ళీ పోలేదు. ఇంకొకరి ఉత్తరాలు చదవడం మర్యాద కాదు కదా.

తలుపులు మూసిన ఆ రోజుల్లో కొట్టు ఎనిమిది నుంచి పదింటిదాకానే తెరిచేవారు. ముందు కాలిబాట మీద సుద్దముక్కతో మూడు గుండ్రాలు గీశాడు కొట్టాయన. ఒక పొడుగు కర్ర చివర సత్తు పళ్ళెం కట్టి, సరుకు అందులో పెట్టి చాచేవాడు. అయితే ఆ పళ్ళెంలో పెట్టడానికే ఏమీ ఉండేది కాదు. హోల్‌సేలు వ్యాను రావడం మానేసింది. అరల్లో గాజు సీసాలు కడిగి బోర్లించినట్టు ఖాళీగా మెరిసేవి. చాలామంది ఫోనులో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. గుండ్రాలు మూడున్నా నిలబడేది ఆమె ఒక్కతే. ఒకరోజు కొట్టాయన పళ్ళెం చాచి, అది వెనక్కి తీసుకోకుండా అలాగే పట్టుకుని, నింపాదిగా చెప్పాడు.

"మీరొస్తున్నారు కాబట్టి ఈ షట్టరు ఎత్తుతున్నాను చెల్లెమ్మా. మీరు కూడా ఫోనులో తెప్పించుకున్న రోజున దించేస్తాను. మా అమ్మాయి దగ్గరికి పోయి టీవీ చూసుకుంటాను."

ఆయనకు టీవీ అంటే గిట్టదు.

ఇక సబ్బు సంగతి. ఆమె తొమ్మిది రోజులు అడిగింది, రోజుకు మూడుసార్లు. ఆయన తొమ్మిది రోజులూ "రేపు" అన్నాడు, ఒక్కసారి కూడా "ఊఁ" అనలేదు. చివరికి కోడలు మాసిన బట్టల గుట్ట చూపించి, "అత్తయ్యా, ఆయన మంచివాడే. కానీ బట్టలు 'రేపు'తో ఉతకలేం కదా" అంది. అలా ఆమె మొదటిసారి ఫోను పట్టుకుంది.

ఆ ఇంట్లో అందరి ఫోన్లలోనూ సరుకులు తెప్పించే ఖాతా ఒకటే. మనవరాలు పక్కన కూర్చుని నేర్పింది. సబ్బు బొమ్మ వచ్చింది. పెద్దక్షరాలు ఆమె చదివింది. అదే సబ్బు, ముప్ఫై ఏళ్ళ కిందట కోపంతో చదివినది. కింద చిన్న అక్షరాలేవో ఉన్నాయి, అవి కంపెనీవాళ్ళవి. నాలుగు అని పెట్టించింది. "ఇక్కడ నొక్కితే అయిపోయినట్టే నానమ్మా" అని మనవరాలు నొక్కి చూపించి, క్లాసుకు పిలుపొస్తే వెళ్ళిపోయింది.

ఫోను మీద పచ్చటి టిక్కు పడింది. ఆమె చాలాసేపు ఎదురుచూసింది. ఫోను "ఊఁ" అనలేదు.

దీనికీ మతిమరుపే కాబోలు అనుకుంది. మనవరాలు చూపించిన చోటే మళ్ళీ నొక్కి సబ్బు గుర్తుచేసింది. టిక్కు పడింది, ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి గుర్తుచేసింది. తన అలవాటు ప్రకారం మూడోసారి కూడా చేసి, ఇక చెప్పాల్సినంతా చెప్పానని తృప్తిపడింది. డెలివరీ చేసేవాళ్ళకు ఏమైనా చెప్పాలా అని ఫోను అడిగితే, ఒక్కో అక్షరం వెతికి పట్టుకుని, గంటసేపు కూర్చుని రాసింది. ఒక్క తప్పు లేదు. అది అన్ని ఆర్డర్లకూ తనంతట తనే అంటుకుంటుందని ఆమెకు తెలియదు.

తర్వాత చట్టప్రకారం చీటీ రాసి, వీధి తలుపు ఎవరూ తీయడం లేదు కాబట్టి ఫ్రిజ్ తలుపు మీద తగిలించింది. కొడుకు గదిలోకి తొంగిచూసి, "సబ్బులకు చెప్పాను, నువ్వు కూడా ఓసారి గుర్తుచెయ్" అంది. అతను ఒక చెవిలో నీళ్ళు రాలేదన్న మనిషిని, రెండో చెవిలో నీళ్ళు ఆగడం లేదన్న మనిషిని వింటూ, ఫోను తీసి అమ్మ పెట్టిన ఆర్డరునే ఇంకోసారి నొక్కేశాడు. కోడలు పాలు తీయడానికి ఫ్రిజ్ దగ్గరికి వచ్చి చీటీ చూసింది. చీటీ కంటపడితే గుర్తుచేయాలి. ఆమె కూడా నొక్కింది. మంచి కోడలు.

ఇంత సన్నాహం చేసుకుని మరునాడు పది గంటలకు మూడుసార్లమ్మ కిటికీ తెర వెనక నిలబడితే, షట్టరు దిగలేదు. కొట్టాయన లోపల్నుంచి స్టూలు తెచ్చుకుని బయట వేసుకుని కూర్చున్నాడు. వీధి మొదలువైపు ఓ చూపు, ఆమె కిటికీవైపు ఓ చూపు చూస్తున్నాడు. పది దాటి అయిదు నిమిషాలైంది. కదలడు. ఆమె ఆగలేక కొట్టు ఫోనుకు ఫోను చేసింది. ఆయన స్టూలు మీదే ఉండి, తీగ సాగదీసుకుని ఎత్తాడు.

"ఏమన్నయ్యగారూ, ఇంకా మూయలేదేం?"

"గాలి బాగుంది చెల్లెమ్మా. కూర్చున్నాను." ఆ పూట ఆకు కదలడం లేదు. "మీరేంటి, కిటికీ దగ్గర ఎండలో నిలబడ్డారు? లోపలికెళ్ళి కాసేపు నడుం వాల్చండి."

ఇంత మంచి మనిషిని మోసం చేస్తున్నానే అని ఆమె కుమిలిపోయింది. అయినా కుమలడానికి అది వేళ కాదు. ఆయన్ని ఎలాగైనా లోపలికి పంపాలి. కొట్టు వెనక గదిలో, అట్టడుగు అరలో ఉండే వస్తువేదా అని ఆలోచించింది.

"నల్ల బూటు పాలిష్ ఉందా?"

"ఎవరికి?"

"మావాడికి."

"మీవాడు మంచం దిగడం లేదు కదా?"

"మంచం మీదే వేసుకుంటాడు."

కొట్టాయన వెతికి చూస్తానని లేచి లోపలికి వెళ్ళాడు. ఆమె ఊపిరి పీల్చుకునేలోగా వీధి మొదట్లో వ్యాను చప్పుడైంది. వెనక సందులోంచి కాదు, ముందు వీధిలోంచే. సందు మొదట్లో ఎవరో ఇనప డ్రమ్ములు అడ్డం పెట్టేశారు. ఎర్ర తువ్వాలు లోపలెక్కడో ఒంటరిగా వేలాడుతోంది.

వ్యాను నడిపేది ఒక నడివయసావిడ. నిన్నమొన్నటిదాకా బడి పిల్లల వ్యాను నడిపి, బడులు మూతపడ్డాక ఈ పనిలో చేరింది. ముప్ఫైమంది పిల్లల గోల మీద మాట్లాడి మాట్లాడి ఆమెకు గొంతు తగ్గించడం రాదు. పైగా ముఖానికి గుడ్డ కట్టుకుంది కాబట్టి ఇంకాస్త పెంచింది. కొట్టాయన దుమ్ము పట్టిన పాలిష్ డబ్బాతో బయటికి రావడం, ఆమె వ్యాను దిగడం ఒకేసారి జరిగాయి.

"ఇదిగో పెద్దాయనా, ఈ వెనక గేటుకి ఎటు పోవాలి?" అని ఆమె ఫోను కళ్ళకు దూరంగా పట్టుకుని, క్లాసుకంతటికీ వినిపించేలా చదివింది. "వెనక గేటు దగ్గరికి రండి. ఎర్ర తువ్వాలు కట్టి ఉంటుంది. బెల్ కొట్టొద్దు. ఎదురు కొట్టాయన చూడకూడదు. ఆయన చాలా మంచివారు. చూస్తే కొట్టు మూసేస్తారు."

పై అంతస్తుల్లో ఒకటొకటిగా కిటికీలు తెరుచుకున్నాయి. తెర వెనక మూడుసార్లమ్మ ఇంకాస్త లోపలికి జరిగింది. తను గంటసేపు కూర్చుని రాసిన ఒక్కో అక్షరం తన నెత్తినే పడుతోంది. చదువు నేర్పినందుకు ఆయనకు ఇది దక్కింది.

"ఆ కొట్టాయనెవరో మీకు తెలుసా?" అని అడిగింది వ్యానావిడ.

కొట్టాయన పాలిష్ డబ్బా చొక్కా జేబులో వేసుకున్నాడు. "తెలుసు."

"చూస్తున్నాడా?"

"లేదమ్మా. ఆయన చూడలేదు. నువ్వు దించుకో."

అని స్టూలు తీసి అటు తిప్పి వేసుకుని, వీధికి వీపు పెట్టి, తన కొట్టు గోడకు ఎదురుగా కూర్చున్నాడు.

అప్పుడు దింపడం మొదలైంది. ధబ్బుమని ఒక పెట్టె. నాలుగు సబ్బులకు అంత పెట్టె దేనికా అని ఆమె అనుకుంటుండగానే రెండోది. మూడోది. ప్రతి చప్పుడుకూ కొట్టాయన వీపు కొంచెం ఉలిక్కిపడుతోంది. ఆరు పెట్టెలు కాలిబాట మీద, సరిగ్గా సుద్ద గుండ్రాల్లో, గుండ్రానికి రెండు చొప్పున నిలబడ్డాయి.

"పెట్టెకి నలభై ఎనిమిది సబ్బులు" అంది వ్యానావిడ నడుం పట్టుకుని. "ఏంటండీ, ఈ ఇంట్లో ఏనుగుల్ని గానీ పెంచుతున్నారా?"

"నాకేం తెలుస్తుందమ్మా" అన్నాడు కొట్టాయన గోడతో. "నేను చూడలేదు కదా."

పైన ఇంట్లో విచారణ జరిగింది. మనవరాలు చూపించడానికి ఒకసారి నొక్కానంది. కొడుకు గుర్తుచేయమన్నావు కాబట్టి నొక్కానన్నాడు. కోడలు చీటీ చూశాక నొక్కకుండా ఎలా ఉంటానంది. నానమ్మ మూడు వేళ్ళు చూపించి ఊరుకుంది. కోడలు కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో సబ్బు బొమ్మ కింది చీమల బారు చదివింది. ఒక ప్యాకెట్టుకి పన్నెండు సబ్బులని అక్కడ స్పష్టంగానే ఉంది. అలాంటి నాలుగు ప్యాకెట్లు, ఆరుసార్లు. రెండు వందల ఎనభై ఎనిమిది అని మనవరాలు అందరికంటే ముందు చెప్పి, లెక్కల టీచరు కూతురు అనిపించుకుంది. ప్రస్తుత పరిస్థితుల్లో సరుకు వెనక్కి తీసుకోవడం లేదని ఇంకా చిన్న అక్షరాల్లో ఉంది.

మూడుసార్లమ్మ ఇవేవీ వినడం లేదు. రేపు ఎనిమిదింటికి ఆ షట్టరు లేవదు. ఆమెకు కనిపిస్తున్నది అదొక్కటే. తెర సందులోంచి చూస్తుంటే వ్యానావిడ మళ్ళీ ఫోను తీసింది.

"ఇంకోటుంది. ఇది వేరే వాళ్ళది. దీనికీ ఏదో రాశారు. ఈ వీధిలో ఎవరూ మామూలుగా తెప్పించుకోరా?" అని మళ్ళీ క్లాసుకంతటికీ చదివింది. "పది దాటాకే తేవాలి. ఎదురింటి మూడో అంతస్తు కిటికీ మూసి ఉంటేనే దించాలి. మా చెల్లెమ్మ తొమ్మిది రోజులుగా సబ్బు అడుగుతోంది. ఎక్కడ తెచ్చానో ఆమెకు తెలిస్తే నా పరువు పోతుంది."

గోడవైపు తిరిగిన వీపు ఒక్కసారిగా చిన్నదైపోయింది. రెండు చెవులు, వాటిలో ఒకదాని మీద పెన్సిలు, ఎర్రగా కందిపోయి కనిపించాయి.

వ్యానావిడ తలెత్తి అంతస్తులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడో అంతస్తు కిటికీ మూడు వేళ్ళ మందం తెరిచి ఉంది.

మూడుసార్లమ్మ తెర వెనక నుంచి చెయ్యి చాచి కిటికీ రెక్క నెమ్మదిగా లాగింది. గడియ కూడా వేసింది. అద్దం అవతల వ్యానావిడ గొంతు లీలగా వినిపించింది. "ఆఁ, మూసే ఉంది." తర్వాత ఏడో పెట్టె దిగిన చప్పుడు. ఆమె అది చూడలేదు.

కొడుకు ఒక కోపిష్టి మనిషిని తిట్టు మధ్యలో ఆపించి, కోడలు ఒక లెక్క మధ్యలో వదిలేసి, ఇద్దరూ కలిసి ఆరు పెట్టెలు మూడు అంతస్తులు మోశారు. చివరి పెట్టె చప్పుడు మెట్ల మీద ఆగేదాకా కొట్టాయన గోడనే చూస్తూ కూర్చున్నాడట.

వీటినేం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. ఆ కొట్టాయనకే ఇచ్చేస్తే అమ్ముకుంటాడు కదా అన్నాడు కొడుకు. "ఎలా ఇస్తావురా? ఆయన చూడలేదు కదా" అంది తల్లి. పోనీ చుట్టుపక్కల ఇళ్ళకు పంచుదామంది కోడలు. పంచితే వాళ్ళెవరూ ఆయన దగ్గర సబ్బు కొనరు. అదీ కుదరలేదు. పెట్టెలు మంచం కిందికి వెళ్ళాయి.

మరునాడు ఆమె ఏడున్నరకే సంచీ పట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. ఎనిమిదైంది. చప్పుడు లేదు. ఎనిమిది దాటి మూడు నిమిషాలకు వీధిలో గరగరమని మొదలై, సగంలో ఎప్పటిలాగే ఇరుక్కుని, ఒక తన్ను తిని, షట్టరు పైకి లేచింది. ఆ తన్ను చప్పుడు అంత కమ్మగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. కిందికి దిగి మొదటి గుండ్రంలో నిలబడింది.

"సబ్బొచ్చిందా అన్నయ్యగారూ?"

"వచ్చింది చెల్లెమ్మా" అన్నాడాయన తక్కెడవైపు చూస్తూ. "వ్యానొచ్చింది." అది అబద్ధం కాదు.

"నాలుగివ్వండి."

ఆమె రెండోసారి చెప్పడానికి నోరు తెరవబోయింది.

"ఊఁ" అన్నాడు కొట్టాయన.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఒక్కసారికే అన్నాడు. ఆమెకు ఏం చేయాలో తోచక సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆయన నాలుగు సబ్బులు పాత పేపర్లో చుట్టి, పైనుంచి వేలాడే దారం తెంపి కట్టి, పళ్ళెంలో పెట్టాడు. పక్కనే బూటు పాలిష్ డబ్బా కూడా పెట్టాడు. ఆమె రెండూ తీసుకుంది. మెట్లెక్కుతూ పొట్లం విప్పి చూస్తే, ఒక సబ్బు మూలకు డెలివరీవాళ్ళ కాగితం ముక్క అంటుకుని ఉంది. ఊడదీయబోయి కుదరక వదిలేసినట్టున్నాడు. దాని మీద ఏవో అక్షరాలున్నాయి. చిన్న అక్షరాలు. ఆమె చదవలేదు.

ఆ గుండ్రాలు ఎన్ని వానలకో చెరిగిపోయాయి. పళ్ళెం కట్టిన కర్ర ఇప్పటికీ కొట్టు మూలన నిలబడి ఉంది, పై అరలోవి దింపడానికి పనికొస్తుందని. వీధిలో మళ్ళీ ఎవరి దగ్గూ ఎవరికీ వినిపించనంత రద్దీ. ఎప్పుడైనా వ్యాను వస్తే ఆయన స్టూలు గోడవైపు తిప్పుకుంటాడు, ఆమె కిటికీ మూసుకుంటుంది. వాళ్ళిద్దరిలో ఎవరు ఏం తెప్పించుకున్నారో ఆ ఇద్దరికీ ఇంతవరకు తెలియదు.

ఆ ఇంట్లో నెలకు నాలుగు సబ్బులు అరుగుతాయి. నెలకు నాలుగు ఆమె ఎదురు కొట్లో కొంటుంది. మంచం కింద రెండు వందల ఎనభై ఎనిమిదీ అలాగే ఉన్నాయి.